మోకాళ్ల నిచ్చెన

నా కూతురు పుష్పలత పడింది పెయింటర్ల దగ్గర అడిగి తెచ్చుకున్న నిచ్చెన మీద నుంచి. దసరాకు ముందు, కొత్తగూడెంలో ఒక బట్టల దుకాణం అద్దాలు తుడుస్తూ పడింది. రెండు కాళ్ల నిచ్చెన అది. విప్పి నిలబెట్టి మధ్యలో కొక్కెం తగిలించాలి. తగిలిందనుకుని ఎక్కింది. తగల్లేదు. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చూస్తే చెయ్యి కొంచెం పక్కకు తిరిగి అతుక్కుంది.

ఇంటికి తెచ్చిన రోజు నేనేమీ అనలేదు. నా భార్య ఆదెమ్మ మా ఇద్దరి మాటలూ తానే మాట్లాడింది.

“ఆడపిల్లవు, నీకు నిచ్చెనేందే? మీ నాయిన జీలుగు చెట్లెక్కిండు. మీ తాత ఎక్కిండు. మన ఇంట్ల ఏ ఆడది ఎక్కిందే?”

“నేనేమన్న చెట్టెక్కిన్నా అవ్వా? గోడెక్కిన.”

“పడ్డది మాత్రం నేల మీదనే గద!”

టేకులపల్లి దాటి అడవిలోకి పోతే మా గుంపు, అంటే మా పల్లె. మా కోయ ఇళ్లలో మగవాళ్లు జీలుగు చెట్టెక్కి కల్లు తీస్తారు. నిచ్చెన అంటే మాకు ఒక్క వెదురు. కణుపు దగ్గర కొమ్మలను జానెడు మిగిల్చి నరికి, ఆ వెదురును చెట్టుకు కడతాం. ఆ మొండి కొమ్మలే మెట్లు. మా ఇంట్లో ఆడవాళ్లు దాన్ని ముట్టుకోరు. ఇంకొకటి, చెట్టెక్కినవాడు దిగేదాకా కింద ఉన్నవాడు నోరు విప్పడు. పేరు పెట్టి అసలు పిలవడు. పిలిస్తే తల తిప్పుతాడు. తల తిప్పితే కాలు తప్పుతుంది. నాకు మాటలు తక్కువ కావడానికి అదే కారణమని ఆదెమ్మ అంటుంది. ఏమో.

పుష్పలత పెళ్లయిన ఏడాదికి తిరిగొచ్చింది. ఎందుకని నేను అడగలేదు. పక్క తండా సోనితో కలిసి కొత్తగూడెం పోయి అద్దాలు తుడిచే పని మొదలుపెట్టింది. అప్పుడప్పుడే అక్కడ అద్దాల బిల్డింగులు లేస్తున్నాయి. సోని కింద నిలబడి నిచ్చెన పట్టుకుంటుంది, బట్టలు పిండుతుంది. నా కూతురు ఎక్కుతుంది. సోని ఎందుకు ఎక్కదని ఒకసారి ఆదెమ్మ అడిగింది.

“నాకు మంచమెక్కితెనే కండ్లు తిరుగుతయ్ కాకీ,” అన్నది సోని.

పడ్డాక పుష్పలత మళ్లీ ఎక్కదనుకున్నాను. కట్టు విప్పిన వారానికే సోని కబురు తెచ్చింది. కొత్తగా కట్టిన ఒక ప్రైవేటు దవాఖానా మేనేజరు పిలిచాడట. ముందు వైపంతా అద్దమేనట. లోపల మెట్ల దారిలో కూడా పెద్ద పెద్ద కిటికీలు ఉన్నాయట. సోమవారం మొదలు. ప్రతి నెలా పని ఉంటుంది. ఒక్కటే షరతు.

“సొంత నిచ్చెన తెచ్చుకోవాల్నంట. ఎవల్దో అడుక్కొచ్చి మా దవాఖానా ముందట పడి మా దవాఖానలనే చేరుతమంటే కుదరదన్నడు,” అన్నది సోని. “మనకు కాకుంటే ఖమ్మం నుంచి మనుషుల్ని పెట్టుకుంటడంట.”

పుష్పలత నా వైపు తిరిగింది. “ఖమ్మం పోదాం నాయినా. నువ్వు రావాలె.”

కండువా తీసుకుని బయల్దేరాను. బయల్దేరడమంటే సరేనన్నట్టు కాదు. ఆమెను ఒంటరిగా నిచ్చెన కొనడానికి పంపబుద్ధి కాలేదు, అంతే.

ఖమ్మంలో ఇనుప సామాన్ల దుకాణం. ముగ్గురం గుమ్మంలో నిలబడ్డాం. దుకాణం ఆయన కుర్చీలో నుంచి లేవకుండానే అడిగాడు.

“ఇంటికా, పనికా అమ్మా?”

“పనికి. అద్దాలు తుడుస్తం.”

“ఎక్కేదెవరు?”

“నేను.”

“పట్టుకునేది నేను,” అన్నది సోని. “మా మీద అరిచేది ఈ కాక.”

ఆయన నన్ను చూశాడు. నేను నిచ్చెనలను చూస్తున్నాను.

గోడకు ఆనించి ఒక పొడుగు నిచ్చెన ఉంది. అల్యూమినియంది. అతుకు లేదు, వంకర లేదు. దాని దగ్గరికి పోయి వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి విన్నాను. వెదురైతే పురుగు తిన్నది చప్పుడులోనే తెలుస్తుంది. ఇది పైనుంచి కిందిదాకా ఒకటే బోలు. నా చెవికి దొరికింది ఏమీ లేదు. మొదటి మెట్టు మీద కాలేసి బరువు పెట్టాను. వంగలేదు. దిగి, దాని మీద చెయ్యి వేసి అక్కడే నిలబడ్డాను.

పుష్పలతకు అర్థమైంది. “ఇది బస్సుల పట్టదు నాయినా. ఆటోల అసలే పట్టదు. మెట్ల మీద ఎట్ల నిలబెడతవు? ఒక కాలు కింది మెట్టు మీద, ఒక కాలు పై మెట్టు మీద ఉండాలె. దీనికి ఉన్నదే ఒక్క తీరు.”

“నీ బిడ్డకు కావలసింది నా దగ్గరుంది పెద్దాయనా,” అన్నాడు దుకాణం ఆయన. లోపలి నుంచి మడత నిచ్చెన తెప్పించాడు. నాలుగు ముక్కలు మడిచి కట్టెలమోపులా ఉంది. ముక్కకూ ముక్కకూ మధ్య గుండ్రటి కీళ్లు. కీలుకు పక్కన ఒక గుబ్బ. గుబ్బ నొక్కితే కీలు వదులవుతుంది, విప్పితే మళ్లీ బిగుసుకుంటుంది. ఆయన దాన్ని గుడారంలా నిలబెట్టాడు. మళ్లీ నొక్కి బల్లలా వంచాడు. మళ్లీ నొక్కి పొడుగ్గా చాపి గోడకు ఆనించాడు. తర్వాత ఒక పక్క పొట్టిగా, ఒక పక్క పొడుగ్గా పెట్టి దుకాణం మెట్ల మీదే నిలబెట్టాడు. మేక పడుకుని లేచినట్టుంది దాని వరస.

“దీనికి మోకాళ్లున్నయి,” అన్నాను.

ఆ దుకాణంలో నేనన్న మొదటి మాట అది.

“మోకాళ్లు లేకుంటే మీరెట్ల వంగుతరు పెద్దాయనా?” అని ఆయన నవ్వాడు.

నేను చెట్లెక్కడం మానేసింది మోకాళ్ల వల్లే. నడుస్తున్నంతసేపు బాగానే ఉంటాయి. వదిలేసే ముందు చెప్పవు. ఆ మాట ఆయనకు చెప్పాలనిపించలేదు.

మడత నిచ్చెనలు రెండు రకాలున్నాయి. ఒకటి తేలికది. కీలు చప్పుడు లేకుండా దిగుతుంది. “వెన్న లెక్క పనిచేస్తది. ఈ ఎర్ర గుర్తు లోపలికి పోతే లాక్ పడ్డట్టు. చూసుకోవచ్చు,” అన్నాడాయన. రెండోది కొంచెం బరువు. విప్పినప్పుడల్లా దాని కీలు టక్‌మంటుంది. చెవికి ఇంపుగా ఏమీ లేదు.

పుష్పలత రెండింటికీ వీపు తిప్పి రోడ్డు వైపు నిలబడింది.

“సోనీ, ఇప్పు.”

సోని తేలికదాన్ని విప్పింది. ఏమీ వినపడలేదు.

“అది ఇప్పు.”

టక్. అవతలి పక్క ఇంకో టక్.

“మళ్లా.”

“చూసుకోవా అమ్మా? సరుకు ముందు పెట్టుకుని అటు తిరిగి కొంటవేంది?” అన్నాడు దుకాణం ఆయన.

“చూసే పడ్డ సేటూ. ఆ కొక్కెం తగిలినట్టే కనబడ్డది. ఇగ చూసుడు కాదు, ఇనుడే.” ఇటు తిరిగి బరువు నిచ్చెన మీద చెయ్యి వేసింది. అప్పుడు నన్ను అడిగింది. “ఏమంటవు నాయినా? ఎక్కమంటవా?”

సోని నన్నే చూస్తోంది. దుకాణం ఆయన కూడా చూస్తున్నాడు. రోడ్డు మీద ఒక ఆటో మిరప బస్తాలు వేసుకుని పోతోంది. అది మలుపు తిరిగేదాకా చూశాను.

“మోస్త తియ్యి,” అన్నాను. నిచ్చెన భుజాన వేసుకున్నాను.

అది ఆమె అడిగినదానికి జవాబు కాదు. ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.

ఇంటికొచ్చాక వాకిట్లో విప్పింది. టక్ టక్‌మంటుంటే కోళ్లు చెదిరిపోయాయి.

“ఏందే ఆ చప్పుడు, తుపాకి పేలినట్టు!” అన్నది ఆదెమ్మ. పుష్పలత ఎక్కి, ఇంటి కప్పు మీద కాసిన సొరకాయ కోసుకొచ్చి తల్లి చేతిలో పెట్టింది. ఎన్ని రోజుల నుంచో అందక ఆదెమ్మ కింది నుంచి చూసి వదిలేసిన కాయ అది. సొరకాయ వైపు చూసింది. నిచ్చెన వైపు చూసింది. “ముదిరిపోయింది,” అని లోపలికి తీసుకుపోయింది.

నేను చూసింది వేరే. నిచ్చెన మడిచేటప్పుడు గుబ్బలు నొక్కాలి. కొత్తవి, గట్టిగా ఉన్నాయి. కుడివైపుది నొక్కింది. ఎడమ చేత్తో నొక్కబోతే మొహం ముడుచుకుంది. పెదవి కొరుక్కుని, చెయ్యి వదిలి మోచేత్తో నొక్కింది. నేను చూశానని ఆమెకు తెలియదు.

మర్నాడు ఆదివారం. తల్లీ కూతుళ్లు పత్తి ఏరడానికి పోయారు. నాకు కాలు నిలవలేదు. వాకిట్లోకి పోతాను, వస్తాను, మళ్లీ పోతాను. మధ్యాహ్నం నిచ్చెనను ఎండలోకి తెచ్చాను. ఇప్పనూనె గిన్నె తెచ్చుకున్నాను. మా దగ్గర తలుపు బందుకు, బండి ఇరుసుకు, పగిలిన మడమకు, దీపానికి అన్నిటికీ అదే. ఎండకు నీళ్లలా ఉంది. కీలు కీలుకూ పోశాను. గుబ్బ నొక్కుతూ, వదులుతూ, అది నా బొటనవేలికి మెత్తబడేదాకా చేశాను. టక్‌మంటూనే ఉంది, కాకపోతే మెత్తగా. పైన పేరుకున్నదంతా తుడిచేసి, ఉన్నచోటే పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

సోమవారం మంచు దట్టంగా పడింది. పుష్పలత, సోని నిచ్చెన పట్టుకుని వేకువనే పోయారు. పోయేముందు నా కూతురు వాకిట్లో కొంచెంసేపు నిలబడింది. నేను పొయ్యిలో కట్టె సర్దుతున్నాను.

పొద్దెక్కినా చలి తగ్గలేదు. ఆదెమ్మ మడమలకు నూనె రాసుకుందామని గిన్నె తెచ్చి వంచింది. ఏమీ పడలేదు. బోర్లించింది.

“చూడు, నెయ్యి లెక్క పేరుకుంది. పొయ్యి కాడ పెట్టు జర.”

గిన్నె అందుకున్నాను. వేలితో నొక్కాను. గుంట పడింది. వేలు తీసినా గుంట గుంటలాగే ఉంది. నొక్కింది పైకి రాలేదు.

చలికి ఇప్పనూనె గడ్డకడుతుందని నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. బండి ఇరుసు తిరుగుతూ వేడెక్కుతుంది, ఎప్పుడూ దానికి ఏమీ కాలేదు. నిచ్చెన ఒకచోటే నిలబడి ఉంటుంది. ఆ కీళ్లలోకి నేను పోసిందంతా ఇప్పుడు ఈ గిన్నెలో ఉన్నట్టే ఉంటుంది. గుబ్బ లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది. కీలు తెరుచుకుని నిలబడుతుంది, బిగుసుకోదు. చూస్తే బిగుసుకున్నట్టే ఉంటుంది.

“ఏమయింది?” అన్నది ఆదెమ్మ.

“నిచ్చెనకు రాసిన.”

ఆమెకు ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. “మరి కూసొని నన్ను చూస్తవేంది? లే! పో!”

రోడ్డు దాకా కాలిబాట. నడిచానో పరిగెత్తానో, మోకాళ్లు ఆ రోజు ఎట్లా ఓర్చుకున్నాయో. అప్పట్లో మా గుంపులో ఎవరి దగ్గరా ఫోను లేదు. సోని దగ్గర ఉంది కానీ నంబరు నాకు తెలియదు. రోడ్డు మీద మంగీలాల్ జీపు నిలబడి ఉంది. మంగీలాల్ తండావాడు, రోజూ కొత్తగూడెం తిప్పుతాడు. జీపు నిండితే తప్ప కదలడు.

“దూలయ్య కాక కొత్తగూడెమే! ఎవలకు బాగలేదు కాకా?”

“పోనియ్యి.”

“ఇద్దరు రావాలె. బీడీ కాల్చు, వస్తరు.”

ఎక్కి కూర్చున్నాను. దిగాను. రోడ్డు అటువైపు పోయి చూశాను. ఎవరూ రావడం లేదు. మళ్లీ ఎక్కాను.

“కాక ఇయ్యాల కాలుకాలిన పిల్లి లెక్క తిరుగుతున్నడేంది?” అన్నది లోపల కూర్చున్న రూప్లి. ఆమె కొత్తగూడెంలో ఆకుకూరలు అమ్ముతుంది.

“పోనియ్యిరా,” అన్నాను. “నా బిడ్డ నిచ్చెన మీద ఉంది.”

అంత పొడుగు మాట నా నోటి నుంచి వాళ్లు విని ఉండరు. మంగీలాల్ బీడీ పారేసి జీపు తీశాడు.

మంచులో దారి కనపడటం లేదు. నాకు ఒకటే లెక్క. ఎండ వస్తే నూనె కరుగుతుంది. ఆ దవాఖానా మొహం ఎటుందో? పొద్దుటి ఎండ తగిలే వైపా, నీడ వైపా? ఇన్ని రోజులు పుష్పలత ఆ దవాఖానా గురించి చెబుతూనే ఉంది, అద్దాలెన్ని, మెట్లెట్లా ఉన్నాయి అని. నేను ఒక్కటీ అడగలేదు. అడిగి ఉంటే ఈ పాటికి తెలిసేది. ఒక తండా దగ్గర ఎవరో చెయ్యెత్తారు. మంగీలాల్ నా మొహం చూసి ఆపకుండా పోయాడు. వెనక నుంచి తిట్లు వినపడ్డాయి.

“ఆ తిట్లు నీయే కాకా, నేను తీసుకోను,” అన్నాడు.

కొత్తగూడెం చేరేసరికి మంచు విడిచి ఎండ వచ్చింది. రూప్లి దవాఖానా చూపించింది. దాని వీపు మీద ఎండ పడుతోంది. మొహం పడమరకు ఉంది. ముందంతా నీడ.

నిచ్చెన పూర్తిగా చాపి అద్దానికి ఆనించి ఉంది. పైన నా కూతురు. కొంగు నడుముకు చుట్టి, కుడిచేత్తో రబ్బరు కర్ర పట్టుకుని అద్దం మీద సబ్బు నురగ దించుతోంది. కింద ఎవరూ లేరు. సోని లేదు.

నోరు తెరిచాను.

మూశాను.

చెట్టు మీది మనిషిని పిలవకూడదు. పిలిస్తే తల తిప్పుతుంది. మెల్లగా పోయి నిచ్చెన కింద నిలబడ్డాను. రెండు చేతులతో పట్టుకున్నాను. ఒక కీలు సరిగ్గా నా మొహం ఎదురుగా ఉంది. నిటారుగానే ఉంది. బిగుసుకుందో లేదో కంటికి తెలియదు. దాని మీద అరచెయ్యి వేసి ఒత్తాను. ఆమె కదిలినప్పుడల్లా ఆ కదలిక నా చేతిలోకి వస్తోంది. అది ఆమె కాలిదో, కీలుదో అర్థం కావడం లేదు. సబ్బునీళ్లు నా నెత్తిన పడుతున్నాయి.

“సోనీ, బట్ట,” అన్నది పైనుంచి, వెనక్కి చెయ్యి చాపి.

గోడ పక్కన ఒక కర్ర ఉంది, దాని చివర కొక్కెం. బట్ట అందించేది దాంతోనే కాబోలు. ఒక చెయ్యి వదిలి బకెట్లో బట్ట తీసి, కర్రకు తగిలించి పైకెత్తాను. అందుకుంది.

“పిండవేందే? నిద్రపోతున్నవా?”

నేను పలకలేదు. తిట్టుకుంటూ తానే పిండింది. ఆ నీళ్లూ నా మీదే పడ్డాయి. అద్దం తుడిచింది. నురగ పోయి అద్దం తేటబడింది. అందులో రోడ్డు కనపడింది, ఆటోలు కనపడ్డాయి, కింద తడిసిన తలతో నిచ్చెన పట్టుకుని నేను కనపడ్డాను.

ఆమె తల తిప్పలేదు. అద్దంలోకే చూస్తూ, “నాయినా,” అన్నది.

అద్దంలోకి తలూపాను.

దిగింది. ఒక్కో మెట్టూ దిగింది. రెండో కాలు నేల మీద ఆనేదాకా ఆగాను.

“టక్ అన్నదా?”

“పొద్దున అనలె.”

అప్పుడే సోని బకెట్ నిండా నీళ్లు మోసుకుంటూ వచ్చింది. నన్ను చూసి బకెట్ దించింది.

“ఓ కాకా! ఆ నూనె నీదేనా? నిచ్చెనకు తాళింపు పెట్టినవా ఏంది?” ఇక ఆగలేదు. “పొద్దుగాల ఇప్పినం. మూగది! చప్పుడే లేదు. నేను చూసిన, మంచిగనే ఉంది. మేనేజరు చూసిండు, మంచిగనే ఉంది, ఎక్కు ఎక్కు అంటడు. నీ బిడ్డ ఎక్కుతెనా? కింద కూసున్నది. ఎక్కకుంటే వేరేవాళ్లను పిలుస్తనన్నడు. పిలువుమన్నది! నా గుండె ఆగింది కాకా.”

“తర్వాత?”

“తర్వాత కీలు వాసన చూసింది. ‘మా ఇంటి నూనె’ అన్నది. చాయ్ హోటల్ల సలసల కాగే నీళ్లు అడుక్కొచ్చి పోసినం. తెల్లగ కారింది, పెరుగు కారినట్టు. పోసుడు, తుడుసుడు. అన్నీ టక్కుమన్నంకనే ఎక్కింది. ఆ మేనేజరు కూడా నిలబడి ఇన్నడు.”

నా చేతులు ఇంకా నిచ్చెన మీదే ఉన్నాయి. తీద్దామన్నా రాలేదు.

“ఎందుకు పోసినవు నాయినా? మంచిగనే ఉండె గదా,” అన్నది పుష్పలత.

ఆమె ఎడమ చెయ్యి చూపించాను. మణికట్టు వంకర తిరిగిన చోటు.

ఆ చెయ్యి చూసుకుంది. కొంగు చివరతో నా తల తుడిచింది.

పక్క అద్దానికి జరపాలి. గుబ్బలు నేను నొక్కాను. నూనె పోయాక మళ్లీ గట్టిపడ్డాయి. బొటనవేళ్లు నొప్పి పుట్టాయి. ఇద్దరం మోసి అవతల నిలబెట్టాం. ఆమె విప్పింది. నేను కళ్లు మూసుకున్నాను.

టక్. అవతలి పక్క, టక్. పై కీళ్లూ, కింది కీళ్లూ అన్నీ పలికాయి.

కళ్లు తెరిచేసరికి ఆమె కుడికాలు మొదటి మెట్టు మీద ఉంది. రబ్బరు కర్ర భుజాన ఉంది. ఎక్కకుండా నన్ను చూస్తూ నిలబడింది. దుకాణంలో అడిగినట్టు ఈసారి అడగలేదు.

“ఎక్కు,” అన్నాను.

ఆమె దిగేదాకా మళ్లీ మాట్లాడలేదు.